నెలలు నిండని బిడ్డకు ఎద మీద చోటు

(సేవాలాల్ జయంతి సందర్భంగా రుద్రంగి చుట్టుపక్కల తండాల యువతతో చేసిన ప్రసంగ పాఠం)

 

 ఇప్పటిదాకా పాటలు విన్నాం, ఆట చూశాం. ఇంత సంబురంలో దవాఖాన ముచ్చట ఎందుకని మీకు అనిపించవచ్చు. మేం తండాల్లో తిరిగే ఆశాలం, ఏఎన్ఎంలం, నర్సింగ్ చదువుకున్న మన ఆడపిల్లలం. కలిసి కూర్చుని ఈ మాటలు రాసుకున్నాం. చదివేది ఒక్కరే అయినా మాట మా అందరిది.

ముచ్చట నెలలు నిండకుండా పుట్టే బిడ్డల గురించి. 37 వారాలు నిండకముందే కాన్పయితే ఆ బిడ్డను నెలలు నిండని బిడ్డ అంటారు. 2020లో ప్రపంచం మొత్తం మీద ఇలాంటి బిడ్డలు 1 కోటి 34 లక్షల మంది పుట్టారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ లెక్కగట్టాయి. అందులో 30 లక్షల మంది మన దేశంలోనే పుట్టారు. ఏ దేశంలోనూ ఇంతమంది లేరు. మన తండాలు ఆ లెక్కకు బయట లేవు. ఇక్కడున్న వాళ్లలో సగం మంది ఇళ్లల్లో, చుట్టాల ఇళ్లల్లో ఇలాంటి బిడ్డ పుట్టిన సంగతి తెలిసే ఉంటుంది. బతికితే పండుగ చేశారు, బతకకపోతే ఎవరూ మాట్లాడలేదు.

మన దగ్గర అది ఎట్లా జరుగుతుందో చూడండి. నడిరాత్రి నొప్పులొస్తాయి. 108కి ఫోన్ చేస్తారు, లేకపోతే ఎవరి ఆటోనో దొరుకుతుంది. రుద్రంగి నుంచి ఒక దారి కోరుట్లకు, ఒక దారి వేములవాడకు. ఎటు పోవాలన్నది ఆ గడియలో ఎవరో ఒకరు తేల్చేస్తారు. కాన్పవుతుంది. బిడ్డ కిలోన్నర లేదు. "పెట్టెల పెట్టాలె, ఇక్కడ లేదు, కరీంనగర్ తీస్కపోండ్రి" అంటారు. తల్లికి ఆపరేషన్ అయి ఉంటే ఆమె ఇక్కడే ఉండిపోతుంది. బిడ్డను ఒక తువ్వాలలో చుట్టుకుని ఎవరో మేనమామ బండెక్కుతాడు. తల్లి ఒక ఊళ్లో, బిడ్డ ఒక ఊళ్లో. మూడో రోజో నాలుగో రోజో తల్లి కుట్ల మీదే బస్సో ఆటోనో ఎక్కి వెళ్లి అద్దం బయటి నుంచి బిడ్డను చూస్తుంది. అద్దం లోపల ఉన్నది తన బిడ్డేనా అని ఆమెకే అనుమానం. అక్కడికి ఆమె చుట్టంలాగా వెళ్లింది. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు.

ఆ అద్దం ఇవతల నిలబడ్డ తల్లిని లోపలికి పిలిచి, బిడ్డను ఆమె రొమ్ముల మధ్య, బట్ట అడ్డం లేకుండా, ఒంటికి ఒళ్లు తాకేటట్టు కట్టి పడుకోబెట్టడమే మేం చెప్పబోయేది. దీన్ని కంగారూ తల్లి సంరక్షణ అంటారు. పేరు వినగానే మన తండా అవ్వ ఒకామె "కంగారు ఎందుకు బిడ్డా, నిమ్మలంగ చెప్పు" అంది. మన తెలుగులో కంగారంటే ఆదుర్దా కదా. ఇది ఆస్ట్రేలియా దేశపు జంతువు పేరు. దాని పిల్ల పుట్టినప్పుడు వేలి కణుపంత ఉంటుంది. తల్లి కడుపు మీది సంచిలోకి పాకి, నెలల తరబడి అందులోనే పాలు తాగి పెరుగుతుంది. బయట పుట్టినా లోపలే పెరిగినట్టన్నమాట. నెలలు నిండని మనిషి బిడ్డకూ అలాంటి సంచే కావాలి.

ఈ పద్ధతి మొదలైంది డబ్బున్న దేశంలో కాదు. దక్షిణ అమెరికాలోని కొలంబియా రాజధాని బొగొటాలో 1970ల చివర ఒక సర్కారు ప్రసూతి దవాఖాన ఉండేది. బిడ్డలెక్కువ, పెట్టెలు తక్కువ. ఒక్కో పెట్టెలో ఇద్దరు ముగ్గురిని పడుకోబెట్టేవారు. ఒకరి జబ్బు ఒకరికి అంటి చనిపోయేవారు. కొందరు తల్లులు బిడ్డలను అక్కడే వదిలేసి వెళ్లిపోయేవారు కూడా. ఎడ్గార్ రే సనాబ్రియా అనే పిల్లల డాక్టరు, ఆయన తర్వాత హెక్టర్ మార్టినెజ్ అనే డాక్టరు ఆ బిడ్డలను తల్లుల ఎదల మీదికి చేర్చారు. పెట్టెలు లేక చేసిన పని అది. మొదట్లో పెద్ద దేశాల డాక్టర్లు దీన్ని బీదవాళ్ల వైద్యం అన్నారు. ఇప్పుడు వాళ్ల దవాఖానల్లోనూ ఇదే చేస్తున్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇలాంటి సభల్లో ఏ మంచి పని గురించి మాట్లాడినా "ఇది మన పూర్వీకులకు ఎప్పుడో తెలుసు" అనడం అలవాటైంది. మేం అట్లా అనం. మన అవ్వలు బిడ్డను చంకనేసుకుని మైళ్లు నడిచారు, వీపున కట్టుకుని చేలల్లో పని చేశారు, అది నిజం. కానీ కిలో బరువున్న బిడ్డను రోజుకు పదహారు గంటలు ఎద మీద కట్టుకుని బతికించుకోవడం వాళ్లకూ కొత్తే. అప్పట్లో అట్లాంటి బిడ్డ చాలావరకు బతికేది కాదు. కొత్త సంగతిని కొత్తదిగానే నేర్చుకుందాం, అందులో చిన్నతనం ఏమీ లేదు.

అసలు ఒంటికి ఒళ్లు తాకితే బిడ్డకు ఏమవుతుంది? నెలలు నిండని బిడ్డకు తోలు పలచన, తోలు కింద కొవ్వు ఉండదు. బరువుతో పోలిస్తే ఒళ్లు విస్తారం. వెడల్పు గిన్నెలో పోసిన పాలు త్వరగా చల్లారినట్టు ఆ బిడ్డ ఒళ్లు త్వరగా చల్లబడుతుంది. చల్లబడితే వెచ్చదనం కోసం తన ఒంట్లో ఉన్న కాస్త శక్తినీ ఖర్చు చేసుకుంటుంది. రక్తంలో చక్కెర పడిపోతుంది, ఊపిరి తడబడుతుంది. పెట్టె చేసే పని ఆ చలిని ఆపడం. తల్లి ఎద కూడా ఆ పని చేస్తుంది, దానికి కరెంటు అక్కర్లేదు. బిడ్డ చల్లబడితే తల్లి రొమ్ము కాస్త వేడెక్కుతుంది, బిడ్డ వెచ్చబడితే తగ్గుతుంది. దాన్ని కొలిచి చూశారు.

పెట్టె చేయలేని పనులు ఇంకా ఉన్నాయి. ఈ బిడ్డలు ఊపిరి తీసుకోవడం మధ్యమధ్యలో మరిచిపోతారు. తల్లి గుండె చప్పుడు, ఛాతీ ఎత్తుపల్లాలు తగులుతుంటే బిడ్డ ఊపిరి, గుండె కుదురుగా నడుస్తాయి. తల్లి ఒంటి మీద ఉండే మామూలు సూక్ష్మజీవులు బిడ్డ ఒంటికి చేరతాయి, దవాఖానలో తిరిగే మొండి క్రిములకు చోటు తగ్గుతుంది. బిడ్డ తాకుతుంటే తల్లికి పాలు దిగుతాయి. నెల తక్కువ బిడ్డను కన్న తల్లికి పాలు పడవని చాలామంది అంటారు కదా, బిడ్డ మొహం చూడకుండా, తాకకుండా నాలుగు రోజులుంటే ఎవరికైనా పాలు ఎట్లా పడతాయి?

ఇప్పుడు లెక్క. చదువుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. రేపు దవాఖానలో ఎవరైనా "ఇవన్నీ ఉత్త మాటలు" అంటే మీరు చెప్పగలగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో ఐదు పెద్ద దవాఖానల్లో ఒక పరీక్ష చేయించింది. ఘనా, మలావి, నైజీరియా, టాంజానియా, మన దేశం. మన దేశంలో అది ఢిల్లీ సఫ్దర్‌జంగ్ దవాఖాన. కిలో నుంచి 1,799 గ్రాముల దాకా బరువున్న 3,211 మంది బిడ్డలను తీసుకున్నారు. సగం మందికి మామూలు పద్ధతి. బిడ్డ కుదుటపడేదాకా పెట్టెలో ఉంచి, ఆ తర్వాత తల్లికి ఇవ్వడం. మిగతా సగం మందిని పుట్టినప్పటి నుంచే తల్లి ఎద మీదికి చేర్చారు. తల్లి మంచం కూడా ఐసీయూ లోపలే వేశారు. ఆ బిడ్డలు రోజుకు దాదాపు 17 గంటలు ఎద మీద ఉన్నారు. రెండో గుంపు బిడ్డలకు ఐసీయూలో దొరికింది గంటన్నర.

28 రోజులకు చూస్తే మామూలు పద్ధతిలో 249 మంది చనిపోయారు. ఎద మీద పెట్టిన గుంపులో 191 మంది. నూటికి పదహారు మందికి దగ్గరగా పోతున్న చోట పన్నెండు మంది పోయారు. 27 మంది బిడ్డలకు ఇట్లా చేస్తే ఒక ప్రాణం ఎక్కువ దక్కింది. తేడా ఎంత తేటగా కనబడిందంటే పరీక్షను మధ్యలోనే ఆపేశారు. మంచిదని తెలిశాక సగం మంది బిడ్డలకు ఆ మంచిని ఇవ్వకుండా ఉండటం అన్యాయం కదా. ఈ ఫలితాలు 2021లో అచ్చయ్యాయి. 2022 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మార్గదర్శకాలను మార్చింది. నెలలు నిండని బిడ్డకు, బరువు తక్కువ బిడ్డకు పుట్టిన వెంటనే మొదలుపెట్టి రోజుకు 8 నుంచి 24 గంటలు ఇలా చేయాలని చెప్పింది. దవాఖానలోనూ చేయాలి, ఇంటికి వచ్చాకా చేయాలి.

మళ్లీ ఆ లెక్క చూడండి. ఎద మీద పెట్టినా 191 మంది పోయారు. అంటే ఇది మంత్రం కాదు. ఈ మాట మేం గట్టిగా ఎందుకు చెబుతున్నామంటే, రేపు ఎవరైనా "ఎద మీద పెట్టుకుంటే చాలంట, దవాఖాన ఎందుకు" అని బిడ్డను తండాకు తీసుకొస్తే ఆ పాపం మాకు వద్దు. ఆ పరీక్షలో బిడ్డలు ఐసీయూ లోపలే ఉన్నారు. ఆక్సిజన్ అందింది, మందులందాయి, నర్సులు కనిపెట్టుకుని ఉన్నారు. ఎద మీద ఉన్న బిడ్డకు ముక్కు గొట్టంతో గాలి ఇవ్వవచ్చు, సెలైన్ పెట్టవచ్చు, గొట్టంతో పాలు పట్టవచ్చు. తనంతట ఊపిరి తీయలేక మిషన్ మీదున్న బిడ్డ, మరీ ప్రమాదంలో ఉన్న బిడ్డ అయితే ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. పెట్టెతో మాకు పగ లేదు. ఎద, వైద్యం రెండూ ఒకే గదిలో ఉండాలన్నదే మా మాట.

ఇప్పుడు మన ఇళ్లకు వద్దాం. పుస్తకాల్లో "తల్లి, తండ్రి" అని రాస్తారు. మన దగ్గర తండ్రి ఎక్కడుంటాడు? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా ఇంటికొకరు దుబాయి, మస్కట్, సౌదీ. కాన్పు గదిలోకి తండ్రి వీడియో కాల్‌లోనే వస్తాడు. తల్లికి ఆపరేషన్ అయితే మొదటి రెండు మూడు రోజులు బిడ్డను ఎద మీద పెట్టుకునేదెవరు? ఆ రోజులే బిడ్డకు అన్నిటికన్నా గట్టి రోజులు. అందుకే ఈ సంగతి యువతకు చెప్పాలనుకున్నాం. ఆ ఎద తల్లిదే కానక్కర్లేదు. ఢిల్లీలో, ఆఫ్రికాలో జరిగిన ఆ పరీక్షలో కూడా తల్లితో పాటు ఇంట్లో మరొకరిని ఎంచుకున్నారు, తల్లికి చేతకానప్పుడు వాళ్లు కట్టుకున్నారు. నాయినమ్మ, అమ్మమ్మ, మేనత్త, చిన్నమ్మ, బాబాయి, మేనమామ ఎవరైనా సరే. దగ్గు, జ్వరం, తోలు జబ్బు లేకుండా ఒళ్లు శుభ్రంగా ఉంటే చాలు.

మేం చూసిన ఒక ఇంటి ముచ్చట చెబుతాం. పేర్లు, ఊరు చెప్పం. ఏడో నెలలో కాన్పు. తల్లికి బీపీ పెరిగి ఆపరేషన్. తండ్రి గల్ఫ్‌లో. బిడ్డతో వెళ్లింది నాయినమ్మ, పెళ్లికాని బాబాయి. ఒక దవాఖానలో వీళ్లను లోపలికి రానివ్వలేదు. "మీ బట్టలు, మీ కాళ్లు చూడు, లోపల ఇన్ఫెక్షన్ అయితది" అని గేటు దగ్గరే ఆపేశారు. ఆ అవ్వ ఫేట్యా, కాంచళి చూసి అన్న మాట అది. మేం ఆ రోజు ఆ అవ్వ పక్కనే ఉన్నాం. ఆమె ఏమీ అనలేదు, మెట్ల మీద కూర్చుంది. బాబాయి డిగ్రీ చదువుతున్న పిల్లగాడు. గొడవ పెట్టుకోలేదు. లోపలికి పోయి డ్యూటీ డాక్టరమ్మను వెతికి, "మేడం, స్నానం చేసి, గోళ్లు తీసుకుని, మీరిచ్చిన గౌను వేసుకుని మా అమ్మ వస్తది, కంగారూ కేర్ చేయనిస్తరా?" అని అడిగాడు. ఆ మాట ఆ పిల్లగాడి నోట వచ్చేసరికి ఆమె ఒక్క నిమిషం అట్లాగే చూసింది. మధ్యాహ్నానికి అవ్వ లోపల ఉంది. రాత్రి అవ్వకు నడుం పట్టేస్తే బాబాయి చొక్కా విప్పి బిడ్డను ఎద మీద పెట్టుకున్నాడు. ఐదో రోజు తల్లి వచ్చేదాకా ఇద్దరూ వంతులేసుకున్నారు. "మొగపిల్లగానికి ఇదేం పని" అని తండాలో నవ్వినవాళ్లున్నారు. ఆ బిడ్డ ఇప్పుడు అంగన్‌వాడీకి పోతోంది.

ఆ పిల్లగాడికి ఉన్నదల్లా ఒక ముక్క తెలిసి ఉండటం. మీకు ఇంకో రెండు ముక్కలు చెబుతాం. 2014లో కేంద్ర ఆరోగ్య శాఖ కంగారూ సంరక్షణ మీద మార్గదర్శకాలిచ్చింది. 2017లో మరొకటి వచ్చింది. సర్కారు దవాఖానల్లోని నవజాత శిశు ప్రత్యేక చికిత్సా కేంద్రాల్లో, అంటే ఎస్‌ఎన్‌సీయూల్లో, తల్లిదండ్రులను, ఇంటివాళ్లను లోపలికి రానిచ్చి, చేతులు కడుక్కోవడం నుంచి పాలు పట్టడం దాకా నేర్పించి, బిడ్డ సేవలో భాగం చేయాలని అందులో ఉంది. కాబట్టి మీరు అడిగేది దయ కాదు. అయినా అడిగే తీరు ముఖ్యం. ఒక్క నర్సు పది పదిహేను మంది బిడ్డలను చూస్తున్న రాత్రి మీరు సెల్‌ఫోన్ తీసి వీడియో మొదలుపెడితే పని చెడుతుంది. పాత బకెట్ ఒకటి, సబ్బు ఒకటి, ఉతికిన బట్ట ఒకటి పట్టుకుని "సిస్టర్, ఎప్పుడు రమ్మంటారు?" అనండి. కుర్చీ లేదంటే కుర్చీ తెచ్చుకుంటాం అనండి. మంచం లేక, కుర్చీ లేక ఆగిపోయిన సందర్భాలే ఎక్కువ చూశాం.

డబ్బుల సంగతి కూడా చెప్పుకోవాలి, దాని మీద అప్పులు చేసి భూమి కుదువ పెట్టినవాళ్లున్నారు కాబట్టి. 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం అమల్లో ఉంది. సర్కారు దవాఖానలో జబ్బుపడ్డ పసిబిడ్డకు వైద్యం, మందులు, పరీక్షలు, పెద్ద దవాఖానకు పోవడానికి వాహనం ఉచితం. ప్రైవేటుకే పోవాల్సి వస్తే, చేర్చేముందే ఆ దవాఖానకు ఆరోగ్యశ్రీ ఉందా, పసిబిడ్డల వైద్యానికి వర్తిస్తుందా అని ఆరోగ్యమిత్రను అడగండి. 2023 డిసెంబరు నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు. కాగితాలు ముందే ఒక సంచిలో పెట్టి ఉంచడం ఇంట్లో చదువుకున్న పిల్లల పని.

ఇంకా మంచిది, బిడ్డ పుట్టకముందే చేరవలసిన చోటుకు చేరడం. ఏడో నెలలో నొప్పులు, ఉమ్మనీరు పోవడం, కళ్లు బైర్లు కమ్మే తలనొప్పి కనిపిస్తే దగ్గరున్న చిన్న నర్సింగ్ హోమ్‌లో కాన్పు చేయించి, తర్వాత బిడ్డతో పరుగెత్తకండి. పసిబిడ్డల ఐసీయూ ఉన్న చోటుకే తల్లిని తీసుకెళ్లమని 108 వాళ్లకు చెప్పండి. తల్లి కడుపు కన్నా మంచి అంబులెన్స్ లేదు. తప్పక బిడ్డను తీసుకుపోవాల్సి వస్తే తువ్వాలలో మూట కట్టకండి. డాక్టరు సరేనంటే బండిలో కూర్చున్నవాళ్లు చొక్కా విప్పి, బిడ్డను ఎద మీద నిలువుగా పెట్టుకుని, పైన దుప్పటి కప్పుకోండి. దారి పొడవునా బిడ్డ మొహం కనబడుతూ ఉండాలి, రంగు చూస్తూ ఉండాలి.

కట్టే తీరు ఇదీ. బిడ్డ ఒంటి మీద టోపీ, లంగోటీ, మేజోళ్లు తప్ప ఏమీ ఉండవద్దు. ఒళ్లు తుడిచి పొడిగా ఉంచాలి. తల్లి ముందు తెరుచుకునే జాకెట్ వేసుకోవాలి. కాంచళి వేసుకునే యాడీలు ఆ కాసేపు దాన్ని మార్చుకోవాలి. వెనక ఖాళీ, ముందు అద్దాలు, గవ్వలు కదా, బిడ్డ తోలు గీసుకుపోతుంది. మెడలో గొలుసులు, చేతి గాజులు కూడా తీయండి. బిడ్డను రెండు రొమ్ముల మధ్య నిలువుగా, కప్ప కూర్చున్నట్టు కాళ్లు మడిచి పెట్టాలి. తల ఒక పక్కకు తిప్పి, గడ్డం కాస్త పైకి లేచి ఉండాలి. గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి ఆగుతుంది, ఇది మరిచిపోవద్దు. ముక్కు మీద, నోటి మీద బట్ట రాకూడదు. అప్పుడు బట్టతో కట్టాలి. బట్ట పై అంచు బిడ్డ చెవి కిందికి రావాలి. బిడ్డ కడుపు మీద బిగించకూడదు, వేలు దూరేంత వదులు ఉండాలి. తల్లి చదునుగా పడుకోకుండా మంచం తల వైపు ఎత్తి, దిండ్లకు ఆనుకుని ఉండాలి.

బట్ట ఏది? దీనికి మిషన్ కుట్టిన పట్టీలు అమ్ముతున్నారు. అవి లేకపోయినా పరవాలేదు. పక్కనే సిరిసిల్ల ఉంది, బట్టకు కరువా అంటారు. కానీ బతుకమ్మ చీరలాంటి పాలిస్టర్ బట్ట దీనికి పనికిరాదు, జారుతుంది, చెమట పీల్చదు. తాత పాత నూలు ధోవతి రెండు మూడు సార్లు ఉతికింది అయితే అంతకన్నా మంచిది లేదు.

కట్టుకుంటే ఒక్కసారికి గంటకు తగ్గకుండా ఉంచాలి. పది నిమిషాలకోసారి తీసి పెట్టడం వల్ల బిడ్డ అలసిపోతుంది. గంటలు గంటలు కూర్చోవాలంటే తల్లికి అన్నం, నీళ్లు కూర్చున్న చోటికే రావాలి. మన కోడళ్లలో ఎక్కువమంది ఆ గంటలు కూర్చోలేకపోవడానికి కారణం ఓపిక లేక కాదు. ఇంట్లో రెండో బిడ్డ ఏడుస్తోంది, అత్త పొలానికి పోవాలి, బీడీలు చుట్టకపోతే వారం జీతం పోతుంది. ఆ పనులు ఎవరు చేస్తారో తేల్చకుండా తల్లికి కంగారూ సంరక్షణ గురించి ఉపన్యాసం ఇవ్వడం మాకే సిగ్గుగా ఉంటుంది. ఇక్కడున్న మరుదులు, ఆడబిడ్డలు ఒక పూట వంట, ఒక పూట నీళ్లు మీద వేసుకుంటే అదే సగం వైద్యం.

బీడీ మాట వచ్చింది కాబట్టి ఒకటి. తంబాకు ఆకు పట్టిన చేతులతో, ఆ దుమ్ము పడ్డ బట్టలతో బిడ్డను కట్టుకోవద్దు. స్నానం చేసి, బట్టలు మార్చుకుని పట్టుకోండి. కడుపుతో ఉన్నప్పుడే ఆ చాట పక్కన పెట్టగలిగితే బిడ్డ బరువుకు ఇంకా మంచిది. బీడీ కాల్చే తమ్ముళ్లు ఆ బిడ్డ ఉన్న ఇంట్లో కాల్చొద్దు.

పాత నమ్మకాలు కొన్ని అడ్డం వస్తాయి. "ఏడో నెల బిడ్డ బతుకుతది, ఎనిమిదో నెల బిడ్డ బతకది" అన్న మాట మన అవ్వలే కాదు, ఊళ్లో అన్ని కులాలవాళ్లూ అంటారు. అది తప్పు. కడుపులో ఒక్కో వారం ఎక్కువ ఉన్నకొద్దీ బిడ్డ బతికే అవకాశం పెరుగుతుంది. ఎనిమిదో నెల బిడ్డ ఏడో నెల బిడ్డ కన్నా గట్టిది. ఈ మాట నమ్మి ఎనిమిదో నెల బిడ్డ మీద ముందే ఆశ వదులుకున్న ఇళ్లున్నాయి, మేం ఎక్కువ బాధపడేది అక్కడే. పురుడు వెళ్లేదాకా మొగవాళ్లు ముట్టరాదంటారు. ఐసీయూలో అంటు చూసేది సబ్బుతో కడిగిన చేతుల్లోనే. పుట్టగానే నీళ్లు పోయడం, మంచం కింద కుంపటి పెట్టడం కూడా మానాలి. నీళ్లతో బిడ్డ చల్లబడుతుంది, కుంపటి పొగ ఆ పచ్చి ఊపిరితిత్తులకు పడదు. స్నానం ఎప్పుడన్నది డాక్టరు చెప్పేదాకా ఒళ్లు తుడిస్తే చాలు. తేనె, చక్కెర నీళ్లు, మేకపాలు వద్దు. తల్లి పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. ఉగ్గుగిన్నె మన అవ్వల వస్తువే, దవాఖానలోనూ అలాంటి దానితోనే పడతారు. వేడినీళ్లలో మరిగించి వాడాలి, అంతే తేడా.

ఇంటికి వచ్చాక చాలామంది ఆపేస్తారు. ఆపకూడదు. బిడ్డ రెండున్నర కిలోలు దాటేదాకా, లేదా తనే ఉక్కపోసి కాళ్లు తన్నుకుని బయటికి రావాలని చూసేదాకా కొనసాగించాలి. హర్యానాలో 8,402 మంది బరువు తక్కువ బిడ్డల మీద జరిగిన పరీక్షలో, ఇంట్లో ఇలా చేయించిన గుంపులో మొదటి నెల మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. మనకు ప్రాణహిత, గోదావరి అవతల గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టరు దంపతులు 1990లలో ఊరి ఆడవాళ్లకే పసిబిడ్డల సేవ నేర్పి, 39 ఊళ్లలో పసిబిడ్డల మరణాలు సగానికి పైగా తగ్గించారు. ఆ ఊళ్లు మన తండాల్లాంటివే. వాళ్ల పని చూసే ఆశాలు ఇంటింటికీ వచ్చి పసిబిడ్డను చూసే పద్ధతి దేశమంతా వచ్చింది. 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో మేం మీ ఇంటికి వస్తాం. తలుపు తీయండి, బిడ్డను చూపించండి. పాలు తాగడం మానేసినా, ఒళ్లు చల్లబడినా వేడెక్కినా, డొక్కలు ఎగరేసినా, కదలిక తగ్గినా, రంగు మారినా మా రాక కోసం ఆగొద్దు, వెంటనే దవాఖానకు పోవాలి.

ఇంకొకటి, దీన్ని అందరూ మరిచిపోతారు. కళ్లు. రెండు కిలోల కన్నా తక్కువ బరువుతో లేదా 34 వారాల లోపు పుట్టిన బిడ్డ కంటి వెనక రక్తనాళాలు సరిగా ఎదగక చూపు పోవచ్చు. ఆక్సిజన్ మీద ఉన్న బిడ్డకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. బయటికి కన్ను మామూలుగానే కనిపిస్తుంది. పుట్టిన 30 రోజుల్లోపు కంటి డాక్టరుకు చూపించాలి, మరీ చిన్న బిడ్డ అయితే 20 రోజులకే. హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు ఈ 30 రోజుల మాటను ఏళ్ల తరబడి చెబుతున్నారు. సకాలంలో చూపిస్తే లేజర్‌తో కాపాడవచ్చు, గడువు దాటితే ఎవరూ ఏమీ చేయలేరు. డిశ్చార్జి కాగితం మీద కంటి పరీక్ష తేదీ రాసి ఉందా లేదా చూడటం చదువు వచ్చిన మీ పని. రాసి లేకపోతే రాయించుకుని ఆ తేదీని మీ ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

దుబాయిలో ఉన్న అన్నలకు కూడా ఒక మాట పంపండి. వాళ్లు చేయగలిగింది ఉంది. ఇంట్లో అమ్మకు, నాన్నకు ఫోన్ చేసి "బిడ్డను ఎత్తుకుని కూర్చుందని కోడలిని ఏమీ అనొద్దు, ఆ పనే ముఖ్యం" అని వాళ్ల నోటితో చెప్పాలి. మా మాట కన్నా కొడుకు మాటకు బరువెక్కువ.

సరే, మా సమయం అయిపోయింది. బల్ల మీద కిలోన్నర బరువున్న బొమ్మ ఉంది, ఇసుక నింపి మేమే కుట్టాం. నాలుగు పాత ధోవతులు ఉతికి తెచ్చాం. భోజనాలకు ముందు అరగంట ఇక్కడే కూర్చుంటాం. చెల్లెళ్లు ఒకరొకరుగా రండి. తమ్ముళ్లు కూడా రావాలి, నవ్వుకుంటూనైనా సరే. ముందు చేతులు మోచేతిదాకా కడుక్కుని రండి, నీళ్ల డ్రమ్ము ఎడమ పక్కన ఉంది, సబ్బు దాని మీదే పెట్టాం.